సెండ్ బఫర్ పెంచే ముందు బైట్లు ఎక్కడ ఆగుతున్నాయో చూడండి: లినక్స్ టీసీపీ ట్యూనింగ్‌కి సమగ్ర మార్గదర్శి

శ్రీకాకుళంలో ఏ ఆఫీసుకెళ్లినా నెట్ గురించి వినిపించే ఫిర్యాదులు రెండే. "వంద ఎంబీపీఎస్ లైనుకి డబ్బు కడుతున్నాం, ముంబైలో ఉన్న సర్వర్‌కి ఫైలు పంపితే యాభై దాటట్లేదు" అన్నది ఒకటి. "ఒక్క అప్‌లోడ్ మొదలైతే చాలు, మిగతావాళ్ల యూపీఐ చక్రం తిరుగుతూనే ఉంటుంది, వీడియో కాల్‌లో మాట ముక్కలైపోతుంది" అన్నది రెండోది. మొదటిదాంట్లో బైట్లు చాలినన్ని వెళ్లట్లేదు, రెండోదాంట్లో మితిమీరి వెళ్లి ఎక్కడో పేరుకుపోతున్నాయి. చిత్రంగా ఈ రెండింటికీ జనం చెప్పే మందు ఒక్కటే: ఎక్కడో దొరికిన పది లైన్లు తెచ్చి సిస్‌సీటీఎల్‌లో, అంటే లినక్స్ కెర్నల్ సెట్టింగులు మార్చే చోట అతికించి, కనిపించిన ప్రతి బఫర్‌నీ (బైట్లు తాత్కాలికంగా ఆగే చోటుని) 16 ఎంబీయో 64 ఎంబీయో చేసేయడం. మొదటి జబ్బుకి అది అప్పుడప్పుడు పనిచేస్తుంది. రెండోదాన్ని మాత్రం తగ్గించదు.

ఇది ఒకటో రెండో లినక్స్ మెషీన్లు నడిపేవాళ్ల కోసం. ఎచ్చెర్లలోనో రాజాంలోనో కాలేజీ ల్యాబ్ చూసుకునేవాళ్లు, పలాసలో జీడిపప్పు కొట్టు లెక్కల సర్వర్ చూసేవాళ్లు, మాఘమాసం ముహూర్తాలొస్తే రాత్రంతా పెళ్లి వీడియోలు క్లౌడ్‌కి ఎక్కించే విజయనగరం స్టూడియోవాళ్లు. ఉబుంటు లేదా డెబియన్, ఓ మాదిరి కొత్త కెర్నల్, రూట్ అధికారం ఉంటే చాలు. ఆదేశాలనీ సెట్టింగుల పేర్లనీ ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని మామూలుగా ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి.

దారిలో బైట్లు ఆగే చోట్లు

మీ ప్రోగ్రామ్ పంపమని ఇచ్చిన బైట్లు ముందు సాకెట్ తాలూకు సెండ్ బఫర్‌లో పడతాయి. బైట్లు పోకుండా వరసగా చేర్చే పని టీసీపీది. కంజెషన్ విండో, అంటే రసీదు రాకుండా ఒకేసారి దారిలో ఉండనిచ్చే సరుకు హద్దు, ఒప్పుకున్నంత మేరకు అది వాటిని ప్యాకెట్లుగా కట్టి కింద ఉన్న క్యూకి వదులుతుంది. ఈ క్యూ పేరు క్యూడిస్క్. దాని తర్వాత నెట్‌వర్క్ కార్డు రింగ్, ఆ తర్వాత గోడకి బిగించిన రౌటర్, దాని అవతల అసలు లైను.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. పంపేసిన బైట్లు సెండ్ బఫర్‌లోంచి వెంటనే ఖాళీ అవవు. అవతలి మెషీన్ నుంచి అందినట్టు ఏక్ (రసీదు) వచ్చేదాకా వాటి నకలు అక్కడే ఉండాలి. దారిలో ప్యాకెట్ పోతే మళ్లీ పంపేది ఆ నకలునే. అంటే సెండ్ బఫర్‌లో రెండు రకాల సరుకు ఉంటుంది: ఇంకా పంపనిది, పంపినా రసీదు రానిది. అందుకే ఒక కనెక్షన్ వేగం, బఫర్‌లో పట్టే బైట్లని ఆర్‌టీటీతో, అంటే ప్యాకెట్ వెళ్లి ఏక్ తిరిగొచ్చే సమయంతో భాగిస్తే వచ్చేదాన్ని మించదు. లైను ఎంత వెడల్పైనా సరే.

అయితే ఈ హద్దు వేసేది సెండ్ బఫర్ ఒక్కటే కాదు. అవతలివాళ్ల రిసీవ్ విండో (వాళ్లు ఇంకా ఎంత అందుకోగలమంటున్నారో అది) ఒక హద్దు, కంజెషన్ విండో ఇంకొకటి. మూడింటిలో ఏది చిన్నదైతే దానిదే మాట. ఈ మూడో హద్దు వెనక పెద్ద కథే ఉంది. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ, పక్కనే ఉన్న బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య లైను వేగం సెకనుకి 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. పోయిన ప్యాకెట్లని అందరూ మళ్లీ మళ్లీ పంపుతుంటే రద్దీ ఇంకా పెరిగింది. దాన్ని తవ్వి చూసిన వాన్ జేకబ్సన్ 1988లో ప్రచురించిన పద్ధతే నేటి కంజెషన్ కంట్రోల్‌కి పునాది: మెల్లగా మొదలుపెట్టు, ఏక్‌లు వస్తుంటే పెంచు, ప్యాకెట్ పోతే తగ్గు.

మొదటి మెట్టు: దూరాన్ని, వెడల్పుని లెక్కకట్టండి

కావలసిన అంకెలు రెండే: ఆర్‌టీటీ, లైను వేగం. రెండింటినీ గుణిస్తే దారిలో ఒకేసారి ఎంత సరుకు ఉండగలదో తెలుస్తుంది. ఇంజనీర్లు దీన్నే బీడీపీ అంటారు.

ఆర్‌టీటీ కోసం లైను ఖాళీగా ఉన్నప్పుడు పింగ్ చేయండి. తెల్లవారుజామున అయితే మంచిది, సాయంత్రం ఏడుకి చూస్తే రద్దీ కూడా కలిసిపోతుంది. గాజుతీగలో కాంతి సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే వెయ్యి కిలోమీటర్లు వెళ్లి తిరిగి రావడానికి 10 మిల్లీసెకన్లు. శ్రీకాకుళం నుంచి ముంబైకి రోడ్డు దూరం దాదాపు 1,400 కిలోమీటర్లు కాబట్టి 14 కన్నా తక్కువ ఆశించకండి. తీగ తిన్నగా పోదు, మధ్యలో రౌటర్లుంటాయి, అసలు అంకె దానికి రెండు మూడు రెట్లుండటం మామూలే. అమెజాన్ క్లౌడ్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో కూడా రీజియన్ తెరిచింది. సర్వర్ ఎక్కడ పెట్టాలన్నది మీ చేతిలో ఉంటే రెండు చోట్లకీ పింగ్ కొట్టి చూడండి. ఒక్క రూపాయి ట్యూనింగ్ లేకుండా దొరికే వేగం అదే.

ముంబైకి 40 మిల్లీసెకన్లు, లైను 100 ఎంబీపీఎస్ అనుకుందాం. 10,00,00,000 బిట్లని 0.04తో గుణించి 8తో భాగిస్తే 5,00,000 బైట్లు. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ మాత్రమే ఇచ్చే ప్లాన్ అయితే లక్ష బైట్లు. అమెరికాలో ఉన్న సర్వర్‌కి 250 మిల్లీసెకన్లు, 100 ఎంబీపీఎస్ అయితే 31,25,000 బైట్లు.

ఇప్పుడు కెర్నల్ ఏం ఇస్తోందో చూడండి:

సిస్‌సీటీఎల్ నెట్.ఐపీవీ4.టీసీపీ_డబ్ల్యూమెమ్

సాధారణంగా మూడు అంకెలు కనిపిస్తాయి: 4096, 16384, 4194304. కనిష్ఠం, మొదట ఇచ్చేది, గరిష్ఠం, అన్నీ బైట్లలో. కనెక్షన్ పుంజుకునే కొద్దీ కెర్నల్ తనంతట తానే బఫర్‌ని ఆ 4 ఎంబీ దాకా పెంచుకుంటూ పోతుంది. ముంబైకి మనకి కావలసింది అర ఎంబీ. ప్యాకెట్ల తాలూకు కట్టుబడి ఖర్చు కూడా ఈ బఫర్ లెక్కలోకే వస్తుంది కాబట్టి బీడీపీకి రెట్టింపు ఉంచుకోవాలి. అలా చూసినా 1 ఎంబీ చాలు. అంటే దేశంలోపల సర్వర్లతో పనిచేసే మన జిల్లాల ఆఫీసుల్లో చాలావాటికి ఈ అంకెని ముట్టుకోవలసిన పనే లేదు. అమెరికా లెక్కకి మాత్రం 6 ఎంబీ పైన కావాలి, అక్కడ 4 ఎంబీ అడ్డొస్తుంది.

రెండో మెట్టు: ఎవరు ఆపుతున్నారో కెర్నల్‌నే అడగండి

మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఫైలు వెళ్తుండగానే ఇంకో టెర్మినల్ తెరిచి ఇది కొట్టండి:

ఎస్ఎస్ -టీఎంఐ

ప్రతి కనెక్షన్‌కీ చాంతాడంత లైను వస్తుంది. అందులో మన ముంబై సర్వర్ చిరునామా ఉన్న దాన్ని పట్టుకోండి. మొదట్లో సెండ్-క్యూ అనే నిలువు వరసలో ఉన్నది ఏక్ రాని బైట్లు, ఇంకా పంపనివి, రెండూ కలిపిన మొత్తం. ఆ మొత్తంలో ఇంకా పంపనివెన్నో లోపల నాట్‌సెంట్ పక్కన విడిగా చెప్తుంది. ఎస్‌కేమెమ్ అనే బ్రాకెట్‌లో టీబీ పక్కన ఉన్న అంకె ఆ క్షణాన సెండ్ బఫర్ పరిమాణం. సీడబ్ల్యూఎన్‌డీ అంటే కంజెషన్ విండో, ఇది ప్యాకెట్లలో ఉంటుంది. మిన్‌ఆర్‌టీటీ అంటే ఇప్పటిదాకా కనిపించిన కనిష్ఠ ఆర్‌టీటీ, రీట్రాన్స్ అంటే మళ్లీ పంపిన ప్యాకెట్లు.

సీడబ్ల్యూఎన్‌డీ 340, ఎంఎస్ఎస్ (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే సరుకు బైట్లు) 1448, ఆర్‌టీటీ 40 అని ఉందనుకోండి. 340ని 1448తో గుణిస్తే 4,92,320 బైట్లు, 40 మిల్లీసెకన్లకి ఒకసారి. సెకనుకి 98 మెగాబిట్లు దాటింది, అంటే లైను నిండింది. ఈ చిన్న గుణకారం చేతికి అలవాటైతే స్పీడ్‌టెస్ట్ సైట్లతో పని తగ్గుతుంది.

అన్నిటికన్నా విలువైనవి చివర్లో దాక్కునే మూడు పదాలు: బిజీ, ఆర్‌డబ్ల్యూఎన్‌డీ_లిమిటెడ్, ఎస్ఎన్‌డీబఫ్_లిమిటెడ్. కనెక్షన్ పనిలో ఉన్న సమయంలో ఎంత శాతం అవతలి విండో వల్ల ఆగింది, ఎంత శాతం మన సెండ్ బఫర్ చాలక ఆగింది అన్నది కెర్నల్ లెక్కరాసి పెడుతుంది. 4.10 కెర్నల్ నుంచి ఈ లెక్క ఉంది. సున్నా అయితే ఆ పదమే కనిపించదు, కంగారుపడొద్దు.

ఇక నిర్ణయం. ఎస్ఎన్‌డీబఫ్_లిమిటెడ్ శాతం పెద్దగా ఉంటే మూడో మెట్టుకి వెళ్లండి. ఆర్‌డబ్ల్యూఎన్‌డీ_లిమిటెడ్ పెద్దగా ఉంటే అడ్డు అవతలి మెషీన్ రిసీవ్ బఫర్‌లోనో, అక్కడ చదివే ప్రోగ్రామ్ నెమ్మదిలోనో ఉంది. ఇక్కడ ఏం మార్చినా ఉపయోగం లేదు, అక్కడివాళ్లకి ఫోన్ చేయండి. నాట్‌సెంట్ సున్నా దగ్గరే ఉండి, యాప్_లిమిటెడ్ అన్న మాట కనిపిస్తుంటే మీ ప్రోగ్రామే బైట్లు చాలినంత వేగంగా ఇవ్వట్లేదు. పాత హార్డ్ డిస్క్ నుంచో, పెన్‌డ్రైవ్ నుంచో చదువుతుంటే ఇదే కనిపిస్తుంది. నెట్‌ని తిట్టి లాభం లేదు. ఆర్‌టీటీ మిన్‌ఆర్‌టీటీకి అయిదారు రెట్లు ఉంటే దారిలో ఎక్కడో క్యూ పేరుకుంది, నాలుగో మెట్టు. ఇవేవీ కాక రీట్రాన్స్ పెరుగుతూ సీడబ్ల్యూఎన్‌డీ మాటిమాటికీ కూలిపోతుంటే ప్యాకెట్లు పోతున్నాయి, అది ఆరో మెట్టు సంగతి.

ఒక్కసారి చూసి తేల్చేయకండి. ఫైలు వెళ్తున్నంతసేపూ కొన్ని సెకన్లకోసారి చూస్తూ ఉండాలి. వాచ్ ఆదేశం ముందు తగిలిస్తే అదే చూపిస్తూ ఉంటుంది.

మూడో మెట్టు: సెండ్ బఫరే అడ్డని తేలితే

ముందు టీబీ అంకెని గమనించండి. కెర్నల్ తనంతట తాను నడిపే బఫర్ అయితే ఆ అంకె చిన్నగా మొదలై పెరుగుతూ పోతుంది. ఎంతసేపు చూసినా 425984 దగ్గరే రాయిలా కూర్చుంటే దొంగ దొరికినట్టే: మీ అప్లికేషన్ ఎస్ఓ_ఎస్ఎన్‌డీబఫ్ అనే ఆప్షన్‌తో సొంతంగా బఫర్ అడిగింది. అడిగిన మరుక్షణం ఆ సాకెట్‌కి ఆటోట్యూనింగ్ ఆగిపోతుంది. ఎంత అడిగినా నెట్.కోర్.డబ్ల్యూమెమ్_మ్యాక్స్ దాటి ఇవ్వరు. చాలా కెర్నళ్లలో దాని మామూలు విలువ 212992. కట్టుబడి ఖర్చుకని కెర్నల్ దాన్ని రెట్టింపు చేసి 425984 రాసుకుంటుంది. అసలు సరుకు అందులో ఎంత పడుతుందన్నది ప్యాకెట్ల కూర్పుని బట్టి మారుతుంది. 212992 బైట్లే పడితే 40 మిల్లీసెకన్ల దూరానికి 42 ఎంబీపీఎస్, మొత్తం సరుకే పట్టినా 85. మొదట్లో చెప్పిన ఫిర్యాదు గుర్తుందిగా, ఆ "యాభై" ఈ రెండు అంకెల మధ్యే ఉంది.

దీనికి మందు డబ్ల్యూమెమ్_మ్యాక్స్ పెంచడం కాదు, ఆ ఆప్షన్ని తీసేయడం. సాంబా (ఫైల్ షేరింగ్) కాన్ఫిగ్‌లో సాకెట్ ఆప్షన్స్ లైను, ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్)‌లో లిజన్ పక్కన ఎస్ఎన్‌డీబఫ్, ఫైళ్లు పంపే ఆర్‌సింక్‌కి ఇచ్చే సాకాప్ట్స్, ఈ మూడు చోట్లా వెతకండి. పాత సలహాల్లో ఇవి ఉండేవి, కెర్నల్‌కి ఈ తెలివి రాని కాలంలో అవసరం కూడా. ఇప్పుడు కాళ్లకి బంధాలు. వేగం కొలిచే ఐపెర్ఫ్3తో పరీక్షించేటప్పుడు -డబ్ల్యూ ఇచ్చినా ఇదే జరుగుతుంది కాబట్టి ఆ ఆప్షన్ లేకుండా కొలవండి.

టీబీ పెరిగి పెరిగి 4194304 దగ్గర ఆగి, అప్పటికీ ఎస్ఎన్‌డీబఫ్_లిమిటెడ్ కనిపిస్తుంటే అప్పుడు గరిష్ఠం పెంచండి. మూడో అంకె మాత్రమే:

సుడో సిస్‌సీటీఎల్ -డబ్ల్యూ నెట్.ఐపీవీ4.టీసీపీ_డబ్ల్యూమెమ్="4096 16384 8388608"

బీడీపీకి రెట్టింపు, దాని మీద కొంచెం. మన అమెరికా లెక్కకి 8 ఎంబీ సరిపోతుంది. 64 ఎంబీ పెట్టినా వేగం అంతే. మధ్య అంకెని ముట్టుకోవద్దు, అది ప్రతి కొత్త సాకెట్‌కీ మొదలు. టీసీపీకి డబ్ల్యూమెమ్_మ్యాక్స్ ఆటోట్యూనింగ్ హద్దు కాదన్నది కూడా గుర్తుంచుకోండి. రెండింటినీ కలిపి పెంచమని చెప్పే జాబితాలు ఈ తేడా తెలియక రాసినవే.

టీసీపీ_మెమ్ అనే ఇంకో సెట్టింగు ఉంది, దాని జోలికి అసలు పోకండి. అందులో అంకెలు బైట్లు కావు, పేజీలు. ఒక్కో పేజీ మామూలు మెషీన్‌లో 4096 బైట్లు. బైట్లనుకుని అందులో 16777216 అతికించేవాళ్లున్నారు. అది 64 జీబీ అవుతుంది, మెషీన్‌లో ఉన్నది 8 జీబీ. మెమరీ అయిపోతున్నప్పుడు కెర్నల్ వేసే బ్రేకు అలా పూర్తిగా ఊడిపోతుంది. గరిష్ఠం పెంచినప్పుడు కూడా ఇదే లెక్క వేసుకోవాలి: 16 ఎంబీ బఫర్లు 500 నిండితే 8 జీబీ.

అమెరికాకి ఎస్‌సీపీతో పంపేవాళ్లకి ఇంకో మాట. ఎస్‌సీపీ వెనక ఉండే ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్‌కి టీసీపీ పైన తన సొంత విండో ఒకటుంది, దాదాపు 2 ఎంబీ. 250 మిల్లీసెకన్ల దూరానికి అది 64 ఎంబీపీఎస్‌కే సరి. సిస్‌సీటీఎల్‌తో దాన్ని కదపలేరు. రెండు మూడు ఫైళ్లని వేర్వేరు కనెక్షన్లలో సమాంతరంగా పంపడం సులువు.

నాలుగో మెట్టు: అప్‌లోడ్ మొదలవగానే అందరి నెట్ ఈడుస్తుంటే

ఇది రెండో ఫిర్యాదు, మన దగ్గర ఎక్కువగా ఉన్నది కూడా. పరీక్ష తేలిక. ఒక టెర్మినల్‌లో పింగ్ నడుస్తూ ఉండనిచ్చి ఇంకో దాంట్లో పెద్ద అప్‌లోడ్ మొదలుపెట్టండి. 40 ఉన్న పింగ్ 600కి ఎగబాకితే విషయం తేలిపోయింది.

కారణం కూడా లెక్కే. మీ లోపలి లాన్ గిగాబిట్, బయటి అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్. రెండూ కలిసే చోటు రౌటర్. దాంట్లో 1000 ప్యాకెట్లు పట్టే క్యూ ఉంటే, ప్యాకెట్‌కి 1500 బైట్ల చొప్పున 1 కోటి 20 లక్షల బిట్లు. 20 ఎంబీపీఎస్‌లో అవి ఖాళీ అవ్వడానికి 0.6 సెకను, 10 ఎంబీపీఎస్ ప్లాన్ అయితే 1.2 సెకన్లు. లినక్స్‌లో 2006 నుంచి మామూలుగా ఉన్న క్యూబిక్ అనే కంజెషన్ కంట్రోల్ అల్గారిథం ప్యాకెట్ పోతే తప్ప తగ్గదు. క్యూ నిండేదాకా ప్యాకెట్ పోదు. కాబట్టి క్యూ నిండుగానే ఉంటుంది, మీ చిన్న యూపీఐ ప్యాకెట్ ఆ వెయ్యింటి వెనక నిలబడుతుంది. జిమ్ గెటిస్ లాంటివాళ్లు 2010 ప్రాంతంలో దీనికే బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు.

నరసన్నపేట దగ్గర మడపాం టోల్‌గేట్‌ని తలుచుకోండి. ఇంటి దగ్గర లారీ షెడ్డు పెద్దది చేసినా చిన్నది చేసినా అక్కడి బారు మారదు, ఎన్ని బండ్లు ఒకేసారి రోడ్డెక్కాయన్నదే ముఖ్యం. సెండ్ బఫర్ ఆ షెడ్డు. రోడ్డెక్కే బండ్ల సంఖ్య కంజెషన్ విండో. అయినా సెండ్ బఫర్‌ని బాగా కుదించేస్తే పింగ్ తగ్గుతుంది కదా అని కొందరు చేస్తారు. నిజమే, తగ్గుతుంది. షెడ్డులో నాలుగు బండ్లే పడితే రోడ్డు మీదా నాలుగే. కానీ ఆ దెబ్బకి దూరపు సర్వర్లకి వేగం కూడా చస్తుంది.

సరైన పని క్యూని రౌటర్ నుంచి మన చేతిలోకి తెచ్చుకోవడం. ఆఫీసు మొత్తానికీ గేట్‌వేగా లినక్స్ మెషీన్ ఉంటే దాని బయటి ఇంటర్‌ఫేస్ మీద:

సుడో టీసీ క్యూడిస్క్ రీప్లేస్ డెవ్ ఈటీహెచ్0 రూట్ కేక్ బ్యాండ్‌విడ్త్ 18ఎంబిట్

కేక్ అనేది ఒక రకం క్యూడిస్క్, 4.19 కెర్నల్ నుంచి లోపలే ఉంది. అసలు అప్‌లోడ్ 20 ఉంటే 18 పెడుతున్నాం, రౌటర్ క్యూ ఎప్పుడూ నిండకుండా. ఆ రెండు ఎంబీపీఎస్ వదులుకోవడానికి చాలామందికి మనసొప్పదు. పింగ్ 600 నుంచి యాభై లోపుకి రావడం కళ్లతో చూశాక ఒప్పుకుంటారు. పెద్ద అప్‌లోడ్‌నీ చిన్న చెల్లింపునీ కేక్ వేర్వేరు వరుసల్లో పెట్టి, వంతులవారీగా పంపుతుంది. ఈటీహెచ్0 స్థానంలో మీ ఇంటర్‌ఫేస్ పేరు పెట్టాలి, ఐపీ లింక్ కొడితే కనిపిస్తుంది.

గేట్‌వే మీది కాకపోతే, అప్‌లోడ్ చేసే ఒక్క మెషీన్‌నే అదుపులో పెట్టండి. క్యూడిస్క్‌గా ఎఫ్‌క్యూ అనే ఇంకో రకం పెట్టి మ్యాక్స్‌రేట్ 15ఎంబిట్ ఇస్తే ఏ ఒక్క కనెక్షనూ దాన్ని మించదు. మించదన్నది ఒక్కో కనెక్షన్‌కి మాత్రమే, నాలుగు కలిస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఆర్‌సింక్ వాడేవాళ్లకి వేగానికి హద్దు పెట్టే బీడబ్ల్యూలిమిట్ ఆప్షన్ ఇంకా సులువు.

మీ మెషీన్ లోపలి క్యూల గురించి అంత బెంగ అక్కర్లేదు. 2012లో వచ్చిన 3.6 కెర్నల్ నుంచి ప్రతి టీసీపీ సాకెట్ కింది క్యూలో ఎంత సరుకు ఉంచవచ్చో కెర్నలే కట్టడి చేస్తోంది. సెండ్ బఫర్ పెద్దదైనంత మాత్రాన అదంతా కార్డు మీద కుమ్మరించదు.

అయిదో మెట్టు: పంపని సరుకు పోగవకుండా

ఇది అందరికీ అవసరం లేదు. వెబ్ సర్వరో, లైవ్ వీడియో పంపే సర్వరో నడిపేవాళ్లకి మాత్రమే. సెండ్ బఫర్ 4 ఎంబీకి పెరిగితే అందులో పంపనిది చాలా పేరుకోవచ్చు. ఒకసారి బఫర్‌లో పడ్డ బైట్లని వెనక్కి తీయలేం. వీక్షకుడి లైను సన్నబడిందని తెలిసి ప్రోగ్రామ్ తక్కువ నాణ్యత వీడియోకి మారినా, ముందు పోసిన మంచి నాణ్యతది అంతా వెళ్లాకే కొత్తది బయల్దేరుతుంది.

2013లో వచ్చిన 3.12 కెర్నల్ దీనికి టీసీపీ_నాట్‌సెంట్_లోవాట్ ఇచ్చింది. పంపని బైట్లు ఆ హద్దు దాటితే కెర్నల్ ప్రోగ్రామ్‌ని "ఇంకా రాయొద్దు, ఆగు" అంటుంది. దారిలో ఉన్న, ఏక్ రాని బైట్లు ఈ లెక్కలోకి రావు కాబట్టి వేగం తగ్గదు. మామూలు విలువ 4294967295, అంటే హద్దు లేనట్టే. 131072 మంచి మొదలు:

సుడో సిస్‌సీటీఎల్ -డబ్ల్యూ నెట్.ఐపీవీ4.టీసీపీ_నాట్‌సెంట్_లోవాట్=131072

మరీ తగ్గిస్తే ప్రోగ్రామ్‌ని మాటిమాటికీ నిద్రలేపాల్సి వచ్చి సీపీయూ పని పెరుగుతుంది. ప్రోగ్రామ్ మీరే రాసింది అయితే అదే పేరున్న సాకెట్ ఆప్షన్‌తో ఆ ఒక్క సాకెట్‌కి పెట్టుకోవడం నా ఓటు.

ఆరో మెట్టు: క్యూబికా, బీబీఆరా

క్యూబిక్‌కి బదులు వాడగల అల్గారిథం బీబీఆర్. గూగుల్ 2016లో బయటపెట్టింది, ఆ ఏడాది చివర్లో 4.9 కెర్నల్‌లోకి వచ్చింది. ప్యాకెట్ పోవడం కోసం ఎదురుచూడకుండా, దారిలో ఇరుకు ఎంత వెడల్పో, ఖాళీ దారిలో ఆర్‌టీటీ ఎంతో నిరంతరం అంచనా కడుతూ ఆ మేరకే పంపుతుంది. మార్చడం రెండు లైన్ల పని:

సుడో మోడ్‌ప్రోబ్ టీసీపీ_బీబీఆర్
సుడో సిస్‌సీటీఎల్ -డబ్ల్యూ నెట్.ఐపీవీ4.టీసీపీ_కంజెషన్_కంట్రోల్=బీబీఆర్

4జీ డాంగిల్ మీద నడిచే చోట్ల, ఏజెన్సీ వైపు సిగ్నల్ ఊగిసలాడే చోట్ల దీని తేడా బాగా తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ పోయే ప్యాకెట్లన్నీ రద్దీ వల్ల పోయేవి కావు. క్యూబిక్ మాత్రం ప్రతి నష్టాన్నీ రద్దీగానే చదివి వెనక్కి తగ్గుతుంది. అలాగని అన్నిచోట్లా బీబీఆర్ పెట్టమనను. చిన్న క్యూలున్న దారిలో దాని మొదటి రూపం పక్కనున్న క్యూబిక్ కనెక్షన్లని నొక్కేస్తుంది, రీట్రాన్స్ కూడా పెంచుతుంది. ఒకే లైను పదిమంది పంచుకునే ఆఫీసులో ఇది చిన్న విషయం కాదు. ఒక్క దూరపు సర్వర్‌కే కావాలంటే ఐపీ రౌట్‌లో ఆ దారికి మాత్రం కాంగ్‌సీటీఎల్ బీబీఆర్ అని రాయొచ్చు. నాకు నచ్చే పద్ధతి అదే.

ఈ అల్గారిథం పంపేవైపు మాత్రమే పనిచేస్తుంది. మీ డెస్క్‌టాప్‌లో బీబీఆర్ పెట్టుకుంటే మీ డౌన్‌లోడ్ వేగం పెరగదు. అది సర్వర్‌వాళ్ల చేతిలోని మాట.

ప్యాకెట్లు నిజంగా తీగలోనే పోతుంటే ఏ అల్గారిథమూ కాపాడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం పొడుగునా స్తంభాలు నేలకొరిగాయి. స్తంభాల మీదుగా వచ్చే ఫైబర్‌కి గాలివాన తర్వాత వేసే హడావిడి అతుకులు చాలాకాలం అలాగే మిగిలిపోతుంటాయి. ఐపీ -ఎస్ లింక్ కొట్టి ఎర్రర్లు, డ్రాప్‌లు పెరుగుతున్నాయేమో చూడండి. రౌటర్ పేజీలో ఆప్టికల్ పవర్ కనిపిస్తే దాన్నీ చూడండి. అక్కడ తేడా ఉంటే లైన్‌మన్‌ని పిలవడమే ట్యూనింగ్.

ఏడో మెట్టు: మార్చింది పనిచేసిందో లేదో

ఒక్కసారికి ఒక్క మార్పు. ముందు, తర్వాత, అదే ఫైలు, అదే సర్వర్, రోజులో అదే వేళ. సాయంత్రం కొలిచినదాన్ని తెల్లవారుజాము కొలతతో పోలిస్తే మీరు పోలుస్తున్నది ఊరి రద్దీనే.

ముంబై సర్వర్ మీద ప్రయోగాలు వద్దనుకుంటే రెండు మెషీన్లు ఒక స్విచ్‌కి కలిపి దూరాన్ని కల్పించుకోవచ్చు. అందుకునే మెషీన్ మీద:

సుడో టీసీ క్యూడిస్క్ యాడ్ డెవ్ ఈటీహెచ్0 రూట్ నెటెమ్ డిలే 40ఎంఎస్

ఏక్‌లు 40 మిల్లీసెకన్లు ఆలస్యంగా బయల్దేరతాయి, పంపేవైపుకి ముంబై దూరమే అనిపిస్తుంది. పంపే మెషీన్ మీదే నెటెమ్ (ఆలస్యాన్ని కల్పించే క్యూడిస్క్) పెట్టకండి. పైన చెప్పిన సాకెట్ కట్టడితో అది కలిసిపోయి తప్పుడు అంకెలు వస్తాయి. పని అయ్యాక యాడ్ బదులు డెల్ అని కొట్టి తీసేయండి. మర్చిపోతే మర్నాడు ఆఫీసంతా మీ మీద పడుతుంది.

ఫలితం బాగుందనుకున్నాక /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డి/ కింద 99తో మొదలయ్యే పేరుతో ఒక ఫైలు పెట్టి, మార్చిన లైన్లే అందులో రాయండి, సుడో సిస్‌సీటీఎల్ --సిస్టమ్ కొట్టండి. ప్రతి లైను పైనా హ్యాష్ గుర్తు పెట్టి పాత విలువ, ఏ సర్వర్ కోసం మార్చారు, అప్పటి ఆర్‌టీటీ ఎంత అన్నది రాసిపెట్టుకోండి. టీసీ ఆదేశాలు ఈ ఫైలులో పనిచేయవు, రీబూట్‌కి పోతాయి. వాటిని సిస్టమ్‌డీ సర్వీసుగానో, నెట్‌వర్క్ లేచాక నడిచే స్క్రిప్టుగానో విడిగా పెట్టుకోవాలి.

ఫ్రీబీఎస్‌డీ (లినక్స్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) వాడేవాళ్లకి ఇవే భావాలు వేరే పేర్లతో ఉంటాయి: గరిష్ఠం నెట్.ఐనెట్.టీసీపీ.సెండ్‌బఫ్_మ్యాక్స్, ఆటోట్యూనింగ్ సెండ్‌బఫ్_ఆటో. లెక్కలు మాత్రం ఇవే.

ప్లాన్ మారినా, సర్వర్ ముంబై నుంచి హైదరాబాద్‌కి మారినా, ఈ ఫైలుని కాసేపు పక్కకి తీసి రీబూట్ చేసి మామూలు విలువలతో మళ్లీ కొలవండి. తేడా లేకపోతే వెనక్కి పెట్టకండి.